ఒకేలాంటి రెండు బొమ్మలు

నేల మీద చాప. చాప మీద రెండు ఎర్ర బస్సులు, రెండు చిన్న డప్పులు, రెండు దువ్వెనలు, రెండు ప్లాస్టిక్ గ్లాసులు. ఏ వస్తువు చూసినా జతే. ఆటిజం ఉన్న మూడేళ్ళ బాబు ఒక బస్సును తలకిందులు చేసి వేలితో చక్రం తిప్పుతున్నాడనుకోండి. ఎదురుగా కూర్చున్న థెరపిస్టు "అలా కాదు నాన్నా, బస్సును ఇలా నడపాలి" అనదు. రెండో బస్సు అందుకుని తనూ తలకిందులు చేసి చక్రం తిప్పుతుంది. "చక్రం తిరుగుతోంది" అంటుంది. బాబు ఆపితే ఆపుతుంది. మళ్ళీ తిప్పితే తిప్పుతుంది. వాడు "ఊఁ" అంటే తనూ "ఊఁ" అంటుంది. కాసేపటికి బాబు చేతిలోని చక్రం నుంచి కళ్ళెత్తి ఆమె చేతిలోని చక్రం వైపు చూస్తాడు. ఆ తర్వాత ఆమె ముఖం వైపు చూస్తాడు.

బయటినుంచి చూసేవారికి ఇందులో చదువేమీ కనిపించదు. ఫీజు కట్టి, సెలవు పెట్టి పిల్లవాణ్ణి తీసుకొచ్చిన తండ్రి అయితే "ఆడించడానికేనా ఇంత దూరం వచ్చాం?" అని మనసులో అనుకున్నా తప్పులేదు. కానీ ఆటిజం ఉన్న చిన్నపిల్లలకు అనుకరణ నేర్పే పద్ధతుల్లో ఇంత ఆలోచించి కట్టినవి తక్కువ. దీని పేరు రెసిప్రోకల్ ఇమిటేషన్ ట్రైనింగ్. పరస్పర అనుకరణ శిక్షణ అందాం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియేగో ప్రాంగణంలో లారా ష్రైబ్‌మన్‌తో కలిసి బ్రూక్ ఇంగర్‌సోల్ దీన్ని రూపొందించి, 2006లో ఫలితాలు ప్రచురించింది. ఆ తర్వాత మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఏళ్ళ తరబడి దీన్నే సానబట్టింది. పట్టుచీర కొనేటప్పుడు అంచు తిరగేసి నేత చూడటం మనవాళ్ళకు అలవాటు. ఈ పద్ధతిని అలా తిరగేసి చూడాలని నా కోరిక.

అసలు అనుకరణ ఎందుకు నేర్పాలి? మన ఇళ్ళలో దాన్ని ఎవరూ నేర్పరు. తొమ్మిది, పది నెలల పిల్లకు "టాటా చెప్పు", "దండం పెట్టు", "చప్పట్లు కొట్టు" అంటూ ఇంటిల్లిపాదీ చేసి చూపిస్తారు. కొన్నాళ్ళకు ఆ పిల్ల చేస్తుంది. చీపురు పట్టుకుని ఊడుస్తుంది. తాతయ్య కళ్ళజోడు పెట్టుకుంటుంది. అమ్మ ఫోను చెవికి ఆనించుకుని నడుస్తూ మాట్లాడుతుంది. వీటిలో ఒక్కటీ ఎవరూ పాఠం చెప్పి నేర్పింది కాదు. 1988లో ఆండ్రూ మెల్ట్‌జాఫ్ పద్నాలుగు నెలల పిల్లల ముందు ఒక పెట్టె పెట్టి, నడుం వంచి నుదుటితో దాన్ని తాకి దీపం వెలిగించి చూపించాడు. పిల్లలను దాన్ని ముట్టుకోనివ్వలేదు. వారం తర్వాత వాళ్ళను మళ్ళీ తెచ్చి అదే పెట్టె ముందుంచితే, మూడింట రెండొంతుల మంది నుదురు ఆనించారు. చెయ్యి ఉండగా నుదురెందుకని వాళ్ళు అడగలేదు. చూసిన మనిషి చేసినట్టే చేశారు.

ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఈ దారి ఇంత సులువుగా తెరుచుకోదు. అయితే ఇక్కడ ఒక పొరపాటు మాట తరచుగా వినిపిస్తుంది: "ఆటిజం పిల్లలకు అనుకరించడం రాదు" అని. అది నిజం కాదు. "నీ పేరేంటి?" అని అడిగితే "నీ పేరేంటి?" అనే తిరిగి చెప్పే పిల్లలున్నారు. నిన్న టీవీలో విన్న ప్రకటనను ఇవాళ అదే స్వరంతో అప్పజెప్పే పిల్లలున్నారు. అది అనుకరణ కాక మరేమిటి? ఆ తిరిగి పలకడం ఊరికే వచ్చే శబ్దం కాదనీ, అడగడానికీ ఒప్పుకోవడానికీ తమ వంతు మాట అందించడానికీ పిల్లలు దాన్ని వాడుకుంటారనీ బారీ ప్రిజాంట్ 1980ల్లోనే చూపించాడు. అంటే సామర్థ్యం అసలే లేదని కాదు. ఎదుటి మనిషి చేస్తున్నదాన్ని, ఆ క్షణంలో, ఆ మనిషితో కలిసి చేయడం కష్టమవుతుంది.

ఏది ఎక్కువ కష్టం, ఏది తక్కువ కష్టం అన్నదీ తెలుసు. 1997లో వెండీ స్టోన్, ఆమె సహచరులు గమనించిందేమిటంటే, వస్తువుతో చేసే పనిని అనుకరించడం ఈ పిల్లలకు కాస్త తేలిక. ఒట్టి చేతులతో, ఒంటితో చేసే కదలికలను అనుకరించడం కష్టం. డప్పు కొట్టడం వస్తుంది, చప్పట్లు కొట్టడం రాదు. డప్పయితే చేతిలో ఉంటుంది, తగలగానే మోగుతుంది. చప్పట్లకు ఎదుటి మనిషి తప్ప వేరే ఆధారం లేదు. అదే పరిశీలనలో ఇంకొకటి తేలింది. వస్తువులతో అనుకరించడం ఆటతోనూ, ఒంటి కదలికల అనుకరణ తర్వాత వచ్చే మాటతోనూ ముడిపడి ఉన్నాయి. వస్తువులతో అనుకరణే తేలికన్న సంగతి గుర్తుపెట్టుకుంటే ఇంగర్‌సోల్ పద్ధతిలో బొమ్మలు ముందు, సైగలు తర్వాత ఎందుకొస్తాయో తేలిగ్గా అర్థమవుతుంది.

ఇంగర్‌సోల్‌కు ముందు పని చేసినవాళ్ళను తక్కువ చేయకూడదు. 1967లో డొనాల్డ్ బేర్, రాబర్ట్ పీటర్సన్, జేమ్స్ షెర్మన్ మాట రాని ముగ్గురు పిల్లలకు "ఇలా చెయ్" అంటూ ఒక పని చేసి చూపించడం, చేయి పట్టి చేయించడం, చేసినప్పుడు తినడానికి ఏదో ఒకటి పెట్టడం అనే క్రమంలో అనుకరణ నేర్పారు. బహుమతి పెట్టి నేర్పిన పనులు కొన్ని వచ్చాక, ఏ బహుమతీ లేని కొత్త పనులను కూడా ఆ పిల్లలు చూసి చేయడం మొదలుపెట్టారు. అనుకరణ పుట్టుకతో వచ్చే వరమే అనుకునేవాళ్ళకు అది పెద్ద వార్తే. లాస్ ఏంజెలెస్‌లో ఐవర్ లోవాస్ ఆటిజం పిల్లలకు అదే దారి పట్టాడు. బల్ల, ఎదురెదురు కుర్చీలు, "ఇలా చెయ్", చేస్తే మెచ్చుకోలు. ఈనాటికీ మన ఊళ్ళలోని చాలా థెరపీ సెంటర్లలో కనబడేది దాని సంతానమే.

ఆ పద్ధతిలో పిల్లలు చేయి ఎత్తడం, ముక్కు పట్టుకోవడం, బల్ల తట్టడం నేర్చుకుంటారు. కుర్చీలో కూర్చుని "ఇలా చెయ్" అన్నప్పుడు చేస్తారు. అదే పిల్లవాడు ఇంటికొచ్చాక తమ్ముడు మంచం మీద గెంతుతుంటే చూసి తనూ గెంతుతాడా? అక్కడే చిక్కు. ఆజ్ఞ వచ్చినప్పుడు చేసే అనుకరణ వేరు, ముచ్చటపడి చేసే అనుకరణ వేరు. పిల్లల ఎదుగుదలను పరిశీలించిన ఇనా ఉజ్గిరిస్ 1981లోనే అనుకరణకు రెండు పనులున్నాయని రాసింది. ఒకటి కొత్త పని నేర్చుకోవడం. రెండోది "నేను నీతో ఉన్నాను" అని చెప్పడం. బల్ల దగ్గరి పాఠం మొదటిదాన్ని పట్టుకుంది. రెండోది చేతికి దొరకలేదు.

ఆ రెండోదాన్ని పట్టుకున్నది ప్యారిస్‌లో జాక్లిన్ నడెల్. మాటలింకా సరిగా రాని చిన్నపిల్లలను ఆమె ఒక గదిలో వదిలేది. ఆ గదిలో ఉన్నవన్నీ జతలే: గొడుగులు, టోపీలు, నల్ల కళ్ళద్దాలు. ఒక పిల్ల గొడుగు తీస్తే ఇంకో పిల్ల రెండో గొడుగు తీసేది. ఒకరు టోపీ పెడితే ఇంకొకరు పెట్టేవారు. ఒకరు మొదలుపెట్టడం, ఇంకొకరు అందుకోవడం, ఆ వంతులు మారడం. మాటల్లేని సంభాషణ అది. ఆమె ఇదే సంగతిని ఆటిజం ఉన్న పిల్లల దగ్గరా పరీక్షించింది. పిల్లవాడు గదిలోకి వచ్చేసరికి ఒక కొత్త మనిషి కదలకుండా, ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చుని ఉంటుంది. పిల్లవాడు ఆమెను దాదాపు పట్టించుకోడు. తర్వాత కాసేపు ఆమె పిల్లవాడు ఏం చేస్తే అది చేస్తుంది. తర్వాత మళ్ళీ బొమ్మలా కూర్చుంటుంది. ఈ రెండోసారి పిల్లలు ఆమె దగ్గరికి వెళ్ళారు, ముఖంలోకి చూశారు, ముట్టుకున్నారు. ఇందాకటి ఆట ఎందుకు ఆపావని అడిగినట్టు. కొద్ది నిమిషాల అనుకరణ ఒక అపరిచితురాలిని తమతో ఆడగల మనిషిగా మార్చింది.

అమెరికాలో జెరాల్డీన్ డాసన్, లారీ గాల్పర్ట్ 1990లో ఇదే పనిని తల్లుల చేతికిచ్చారు. రోజూ 20 నిమిషాలు, రెండు వారాలు, పిల్లవాడి ఆటను తల్లి అలాగే చేయడం. అంతే. పిల్లలు అమ్మ ముఖం వైపు చూసే సమయం పెరిగింది, బొమ్మలతో కొత్త కొత్తగా ఆడటం పెరిగింది.

మన భాషలో ఒకరు చేసినట్టే ఇంకొకరు చేస్తే దానికి వెంటనే గుర్తొచ్చే మాట వెక్కిరింత. "ఏం, నన్ను వెక్కిరిస్తున్నావా?" అంటాం. పిల్లవాడు చేతులాడిస్తే తనూ చేతులాడించడం చాలామంది తల్లిదండ్రులకు మొదట మనసొప్పదు, అందుకేనేమో. కానీ వెక్కిరింతలో చూపు చుట్టూ ఉన్నవాళ్ళ మీద ఉంటుంది, వాళ్ళను నవ్వించడానికి. ఇక్కడ చూపు పిల్లవాడి మీదే ఉంటుంది. వాడి ఆటకు విలువుందని వాడికే తెలిసేలా చేయడం ఇది.

ఇంగర్‌సోల్ చేతిపనితనం ఇక్కడ మొదలవుతుంది. బేర్ నుంచి వచ్చిన క్రమశిక్షణనూ, నడెల్, డాసన్‌ల నుంచి వచ్చిన ఆటనూ ఆమె ఒకే మగ్గం మీదికి ఎక్కించింది. ఒకటి పడుగు, ఒకటి పేక.

మొదట కొన్నాళ్ళు పెద్దవాళ్ళు అనుకరించడమే. బొమ్మతో చేసే పని, ఒంటి కదలిక, నోటి శబ్దం, ఏదైనా. తనకో ఇతరులకో దెబ్బ తగిలే పనులను మాత్రం అనుకరించరు. దానితోపాటు చిన్న మాటల్లో జరుగుతున్నదాన్ని చెబుతుంటారు. "బస్సు పడింది." "డప్పు మోగింది." ప్రశ్నలుండవు. "ఇదేంటి? ఇదేం రంగు? ఎరుపు అను, ఎరుపు" అనేది ఇందులో ఎక్కడా వినబడదు. మన పెద్దలకు అన్నింటికంటే కష్టమైన భాగం ఇదే అని నా నమ్మకం. పిల్లవాణ్ణి చూడగానే పరీక్ష పెట్టకుండా ఉండలేం.

పిల్లవాడికి "ఈమె నేను చేసింది చేస్తోంది" అని తెలిశాక ఆట తిరగబడుతుంది. సుమారు నిమిషానికి ఒకసారి పెద్దవాళ్ళు ఒక పని చేసి చూపిస్తారు, దానికి ఒక మాట జోడించి. బస్సును చాప మీద తోస్తూ "బస్సు పోతోంది" అంటారు. పిల్లవాడు చేయకపోతే మళ్ళీ చూపిస్తారు. మొత్తం మూడుసార్లు. మూడోసారికీ చేయకపోతే చేయి పట్టి చేయిస్తారు, మెచ్చుకుంటారు, వదిలేస్తారు. మళ్ళీ పిల్లవాడి ఆటలోకి వెళ్ళిపోతారు. ముందు వాడికి వచ్చిన పనులే చూపిస్తారు, అవి కుదిరాక రానివి.

ఈ అంకెల్లో ఎంత ఆలోచన ఉందో చూడండి. నిమిషానికి ఒకసారి అంటే మిగిలిన నిమిషమంతా పిల్లవాడిదే. పది సెకన్లకొకసారి చూపిస్తే అది ఆట కాదు, మళ్ళీ బల్ల దగ్గరి పాఠమే. పది నిమిషాలకొకసారి చూపిస్తే నేర్చుకునే అవకాశమే రాదు. మూడుసార్లు చూపించడంలో పిల్లవాడికి తనంతట తాను చేసే సమయం దొరుకుతుంది. మూడో సారి తర్వాత చేయి పట్టడంలో "ఇది కూడా ఆటలో భాగమే" అన్న కబురు అందుతుంది. చేయి పట్టి చేయించడం మనకు కొత్త కాదు. అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టి ఓనమాలు దిద్దిస్తాం. ఆ వేలు పట్టిన చెయ్యి ఎప్పుడు వదలాలన్నదే అసలు విద్య. ఇంగర్‌సోల్ ఆ వదలడాన్ని ముందే పద్ధతిలో రాసిపెట్టింది.

జత బొమ్మలు ఎందుకు? ఒకే బస్సు ఉంటే చూపించడానికి పిల్లవాడి చేతిలోది లాక్కోవాలి. లాక్కున్న క్షణంలో ఆట ముగిసి పోట్లాట మొదలవుతుంది. రెండుంటే వాడి బస్సు వాడి చేతిలోనే ఉంటుంది, చూసింది చూసినట్టే చేయవచ్చు. నడెల్ గదిలోని జత గొడుగుల వెనకున్న ఆలోచనే ఇది. వెల చూస్తే ఏమంత కాదు. పని చూస్తే పద్ధతి మొత్తం దాని మీదే నిలబడింది.

సైగల దగ్గర కూడా ఇదే జాగ్రత్త. "చేతులు చాపు" అని విడిగా నేర్పరు. బుడగ ఊదుతున్నప్పుడు చేతులు వెడల్పుగా చాపి "పెద్దది!" అంటారు. బొమ్మను పడుకోబెడుతున్నప్పుడు చెంప కింద చేతులు పెట్టుకుని "నిద్రపోతోంది" అంటారు. ఆటలోంచి పుట్టిన సైగ కాబట్టి దాని అర్థం దాని పక్కనే ఉంటుంది. 2007లో ఇంగర్‌సోల్, ఇద్దరు సహచరులు అయిదుగురు పిల్లలతో ఇది చేసి చూసి, సైగలనూ ఇలా నేర్పవచ్చని చూపించారు.

2006 నాటి మొదటి ప్రయోగంలోనూ పిల్లలు అయిదుగురే. వయసు 29 నుంచి 45 నెలలు. శిక్షణ పది వారాలు. అయిదుగురితో ఏం తెలుస్తుందని అనిపించవచ్చు. అందుకే ఆమె అందరికీ ఒకేరోజు మొదలుపెట్టలేదు. ఒక్కొక్కరినీ వేరువేరు కాలంపాటు ఊరికే గమనించి, ఒకరి తర్వాత ఒకరికి శిక్షణ మొదలుపెట్టింది. ఎవరికి శిక్షణ మొదలైతే వారిలోనే మార్పు వస్తే, అది వయసు వల్ల వచ్చిన మార్పు కాదని చెప్పవచ్చు. పిల్లలు అనుకరించడం పెరిగింది. నేర్పనివి కూడా వచ్చాయి: మాటలు, ఉత్తుత్తి ఆట, ఒక వస్తువును ఇంకొకరితో కలిసి చూడటం. ఆ తర్వాత 2010లో 21 మంది పిల్లలను చీటీలు వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి చేసిన పరీక్షలో, శిక్షణ పొందిన గుంపు బొమ్మలతోనూ సైగలతోనూ అనుకరించడంలో ముందుంది. అడిగితేనే కాదు, తమంతట తాము కూడా.

నాకు ఆమె మీద గౌరవం రెట్టింపైంది మాత్రం 2012లో వచ్చిన పత్రం చదివాక. ఈసారి 27 మంది పిల్లలు. శిక్షణ పొందినవాళ్ళు తమంతట తాము ఎదుటివారి దృష్టిని ఒక వస్తువు వైపు తిప్పడంలో మెరుగయ్యారు. కొన్నాళ్ళ తర్వాత చూసినప్పుడు నలుగురితో మసలుకోవడంలోనూ మెరుగయ్యారు. సంతోషించి అక్కడ ఆపేయవచ్చు. ఆమె ఇంకో ప్రశ్న వేసింది: ఈ మేలు అనుకరణ పెరగడం వల్లనే వచ్చిందా? లెక్క కట్టి చూస్తే, ఆ మాటకు ఆధారం దొరకలేదు. తన పద్ధతికి పునాది అనుకున్న ఊహకే బలం దొరకలేదని ఆమె దాచకుండా అచ్చు వేసింది.

అయితే మేలు చేసింది ఏది? నా ఊహ నేను చెబుతాను, ఊహగానే తీసుకోండి. పిల్లవాడు మనల్ని అనుకరించడం కంటే, మనం వాడిని అనుకరించిన ఆ మొదటి భాగంలోనే ఎక్కువ బలం ఉందేమో. సంగీత పాఠంలో గురువు పాడితే శిష్యుడు అందుకుంటాడు. ఇక్కడ ముందు శిష్యుడి స్వరాన్ని గురువు అందుకుంటాడు. నడెల్ గదిలో కదలని మనిషి దగ్గరికి నడిచి వెళ్ళిన పిల్లలు గుర్తుకొస్తారు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ప్రయోగాలు చిన్నవి. పిల్లలందరికీ ఒకే మేరకు పనిచేయదు. ఆటిజం ఉన్న పిల్లవాణ్ణి ఇంకొకరిలా నటించేలా తయారు చేయడం ఎవరి లక్ష్యమైనా అయితే, వాళ్ళు ఈ పద్ధతిని తప్పుగా చదివినట్టే. "నా కళ్ళలోకి చూడు" అని గడ్డం పట్టి ముఖం తిప్పడం ఇందులో లేదు. చూడాలనిపిస్తే వాడే చూస్తాడు.

ఇది నిపుణుల చేతిలోనే ఉండిపోలేదు కూడా. 2007లో ముగ్గురు తల్లులు ఇది నేర్చుకుని పిల్లలతో చేశారు. 2012లో కేథరిన్ వాల్టన్, ఇంగర్‌సోల్ కలిసి ఆటిజం ఉన్న పిల్లల తోబుట్టువులకే నేర్పారు. అక్క తమ్ముణ్ణి అనుకరిస్తుంది, తమ్ముడు అక్కను అనుకరిస్తాడు. మన దగ్గర పెద్దమ్మ పిల్లలు, బాబాయి పిల్లలు, పక్కింటి పిల్లలు సెలవుల్లో ఒకే వరండాలో ఆడతారు. అక్కడ ఇది ఇంకా సులువు. మన ప్రాంతంలో ఇంకో సంగతీ రుజువైంది. తల్లిదండ్రులు పిల్లవాడి దారిలోనే నడుస్తూ స్పందించేలా నేర్పే వేరొక పద్ధతిని గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లల కుటుంబాలతో పరీక్షించారు. ఫలితాలు 2016లో వచ్చాయి. నేర్పింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. తల్లిదండ్రుల తీరు మారింది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది.

పిల్లవాడు పిలిస్తే పలకడం లేదని, టాటా చెప్పడం లేదని అనుమానం ఉంటే "మగపిల్లలకు మాట ఆలస్యంగానే వస్తుంది" అన్న మాట విని ఏడాది పోగొట్టుకోకండి. పిల్లల డాక్టరుకు చూపించండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. ఇలాంటి కుటుంబాలకూ సాయపడుతుంది. అపాయింట్‌మెంట్ వచ్చేలోపు ఇంట్లో చేయగలిగింది ఒకటుంది. ఈసారి బొమ్మ కొనేటప్పుడు ఒకేలాంటివి రెండు కొనండి. ఒకటి పిల్లవాడికివ్వండి. రెండోది పట్టుకుని ఎదురుగా నేల మీద కూర్చోండి. వాడు ఏం చేస్తే అది చేయండి.